సీసాల బరువు

"నూటికి నూరు," అన్నాడు బిర్గెర్ విక్‌హోల్మ్, కాగితాన్ని బల్లమీద నావైపు తోస్తూ. "ఆరేళ్లలో పన్నెండు పరీక్షలు పెట్టాను. పన్నెండింటిలోనూ నూటికి నూరు. ఈ లాబొరేటరీ పద్ధతిలో లోపం లేదు, టోరా. యంత్రంలో లోపం లేదు. ఇక మిగిలింది మనిషి."

ఆ మనిషి అద్దం తలుపుకి అవతల, వసారాలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. పేరు సోల్వెయ్ నోర్డిన్. ఎల్వ్‌హమ్న్ రక్త కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా టెక్నీషియన్. నాలుగు రోజుల క్రితం ఆమె పరీక్షించి, శుభ్రంగా ఉందని పంపిన ప్లేట్‌లెట్ల సంచిని మర్నాడు టిల్డా రూథ్ అనే ఈత టీచరుకి ఎక్కించారు. టిల్డాకి ముప్పై నాలుగేళ్లు. లుకేమియాతో ఏడాది పోరాడి దాదాపు గెలిచింది. మిడ్‌సమ్మర్‌ పండక్కి ఇంటికి వెళ్లొచ్చని డాక్టర్లు మాటిచ్చారు కూడా. సంచి ఎక్కించిన సాయంత్రమే చలిజ్వరం మొదలైంది. మంగళవారం తెల్లారేసరికి మనిషి లేదు. సంచి అడుగున మిగిలిన నాలుగు చుక్కల్లో బాక్టీరియా పుట్టలు పుట్టలుగా పెరిగి ఉంది.

ఇవాళ గురువారం. రేపే ఆ నడివేసవి పండగ. మా దేశంలో ఈ పండగంటే ముందురోజు మధ్యాహ్నానికల్లా ఊళ్లు ఖాళీ అయిపోవాల్సిందే. ప్రాసిక్యూటర్ ఈ కేసుకి డాక్టర్ విక్‌హోల్మ్‌నే నిపుణుడిగా పెట్టుకున్నాడు. అతను ఇవాళ తన నివేదిక మీద సంతకం చేస్తే సోల్వెయ్ మీద ఒక మనిషి చావుకి కారణమైందన్న కేసు పడుతుంది. చేసి, రెండింటి పడవ ఎక్కి, దీవిలో ఉన్న తన వేసవి ఇంటికి వెళ్లిపోవాలని అతని ఆత్రం. సంచీ కూడా వెంట తెచ్చుకున్నాడు. అందులోంచి సోంపు మొక్క కాడలు బయటికి కనిపిస్తున్నాయి, హెర్రింగ్ చేపల్లోకి కాబోలు.

అతనంటే నాకు పడదు, దాచుకోవడమెందుకు? రెండేళ్ల క్రితం ఒక హత్యకేసులో కోర్టుబోనులో నించుని, నేను తెచ్చిన సాక్ష్యాన్ని పది నిమిషాల్లో గడ్డిపరకలా తీసిపారేశాడు. అప్పుడూ ఇలాగే నవ్వాడు, పళ్లు కనబడకుండా.

"మీ పరీక్ష ఎలా పెడతారో ఒకసారి చెప్పండి," అన్నాను.

"పోలీసులకి అర్థమయ్యేలానా?"

"ప్రయత్నించండి. నాకు ఓపిక ఉంది, పడవ మీకే ఉంది."

చెప్పాడు. ఈ ప్రాంతంలో తొమ్మిది రక్త కేంద్రాలున్నాయి. వాళ్లు పరీక్ష సరిగ్గా చేస్తున్నారో లేదో చూడడం అతని సంస్థ పని. ఏడాదికి రెండుసార్లు తొమ్మిదిమందికీ పొట్లాలు వెళతాయి. వాటిలో కొన్ని నమూనాల్లో బాక్టీరియా కలిపి ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఏది ఏదో లాబొరేటరీకి తెలియదు. మామూలు రక్తంలాగే పరీక్షించి జవాబు పంపాలి. జవాబులు సరిపోయాయా లేదా చూసి అతను మార్కులు వేస్తాడు.

"అంటే పరీక్ష వచ్చిందని వాళ్లకి తెలుస్తుంది," అన్నాను.

"తెలుస్తుంది. పొట్లం మీద మా ముద్ర ఉంటుంది. తెలిస్తే మాత్రం ఏమైంది? బాక్టీరియా ముద్ర చూసి పెరగదు కదా."

ఆ మాట మనసులో ఒక పక్కన పెట్టుకుని వసారాలోకి నడిచాను.

సోల్వెయ్ నన్ను చూసి లేచింది. కూర్చోమన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది, వాటిని ఏం చేయాలో తెలియనట్టు. ఆదివారం ఆ సంచిని చేతిలోకి తీసుకున్నాక ఏం చేసిందో మొదటినుంచీ చెప్పమన్నాను. గొట్టం కొన తుడిచింది, ఆరనిచ్చింది, సూది గుచ్చి కొంచెం ద్రవం తీసింది, రెండు సీసాల్లోకి ఎక్కించింది. సీసాల్లో బాక్టీరియాకి ఇష్టమైన ఆహారం ఉంటుంది. ఒకదానిలో గాలి ఉంటుంది, రెండోదానిలో ఉండదు. వెచ్చటి అరలో పెడితే, లోపల ఏదైనా పెరిగినప్పుడు సీసా అడుగున ఉన్న బిళ్ల పసుపు రంగుకి తిరుగుతుంది. టిల్డా సంచి సీసాలు పసుపు కాలేదు. ఇప్పటికీ కాలేదు.

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నాను."

"గ్లవ్స్?"

"వేసుకున్నాను. మీరు అవన్నీ నిన్ననే అడిగారు."

"ఎంత తీశారు?"

ఆమె నా మొహంలోకి చూసి, కిటికీ వైపు తిరిగింది. "ఎప్పుడూ తీసేంతే."

ఇన్నేళ్ల నౌకరీలో నేను ఒకటి గమనించాను. అబద్ధం చెప్పేవాళ్లు వివరాలు ఎక్కువ చెబుతారు. ఈమె చేతుల గురించి అడిగితే వెంటనే చెప్పింది. ఎంత తీశారంటే మాత్రం అంకె చెప్పలేదు. అంకెలమధ్యే బతికే మనిషి అంకె చెప్పకపోతే అందులో ఏదో ఉందన్నమాటే.

వెచ్చటి అర ఉన్న గది చూపించమన్నాను. సస్పెండైన మనిషిని లోపలికి రానివ్వకూడదని విక్‌హోల్మ్ అడ్డం పడ్డాడు. సరేనని ఆమెని గుమ్మం దగ్గరే ఆపి అతన్నే నా వెంట రమ్మన్నాను. అతను గోడగడియారం చూసుకుంటూ వచ్చాడు.

ఫ్రిజ్ అంత పెట్టె అది. సొరుగు లాగితే సీసాలు వరసగా పడుకుని ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చిన్న దీపం. పై మూడు వరసలు రోజువారీ రక్తదాతలవి. అడుగు వరసలో ఉన్నవాటికి ఎర్ర పట్టీ చుట్టి ఉంది. అవేమిటని అడిగాను. మే నెల పరీక్షవి, ఫలితాలు ఆగస్టులో ప్రకటించేదాకా పారేయకూడదన్నాడు.

పైవరస సీసా ఒకటి, ఎర్ర పట్టీ సీసా ఒకటి తీసి వెలుగులో పక్కపక్కన నిలబెట్టాను. నేను ఏటా కరెంట్ అనే ఎర్రటి చిన్న పుల్లపళ్ల రసం తీసి సీసాలకెత్తుతాను. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. అన్నింట్లో రసం ఒకే మట్టానికి రాకపోతే ఆవిడ మళ్లీ పోయించేది. ఆ అలవాటు కళ్లకి పోలేదు. ఎర్ర పట్టీ సీసాలో ద్రవం మెడ దగ్గరికి వచ్చింది. రెండోదానిలో భుజం కిందే ఆగింది.

ఇంకో రెండు తీశాను. మరో నాలుగు తీశాను. అన్నీ అంతే.

"ఇక్కడ తూకం ఉందా?"

"మీకు వంటింటి పని గుర్తొచ్చినట్టుంది," అన్నాడు విక్‌హోల్మ్.

"గుర్తొచ్చింది. తూకం ఎక్కడ?"

గుమ్మంలోంచి సోల్వెయ్ చెప్పింది, కిటికీ కింద బల్లమీద అని.

వాడని కొత్త సీసా ఒకటి ముందు తూచి, దాన్ని ఆనవాలుగా పెట్టుకుని మిగతావి ఒక్కొక్కటే తూచాను. పరీక్షకి వచ్చిన సీసాలు కొత్తదానికంటే ఎనిమిది గ్రాములు ఎక్కువ తూగాయి. రోజువారీ సీసాలు నాలుగు గ్రాములే ఎక్కువ. అటూ ఇటూ ఒక చుక్క తేడా తప్ప అన్నీ అంతే. పోలీసు సీలు వేసిన సంచిలోంచి టిల్డా సీసాలు తీయించి సీలుతోనే తూచి, సంచి బరువు తీసేశాను. నాలుగు.

వసారాలోకి తిరిగి వచ్చి సోల్వెయ్ ఎదురుగా కూర్చున్నాను.

"నియమం ఎంత?"

"ఎనిమిది మిల్లీలీటర్లు. ఒక్కో సీసాకి."

"మీరు పోసేది?"

"నాలుగు." ఆమె గొంతు నిలకడగానే ఉంది, కళ్లే నిలవడం లేదు. "నేనొక్కదాన్నే కాదు, అందరం అంతే. రెండు సీసాలకీ పూర్తిగా తీస్తే సంచిలో అంత తగ్గిపోతుంది. అది ఒకరు గంటన్నర కుర్చీలో కూర్చుని ఇచ్చింది. అవతల పుచ్చుకునేవాళ్లకి ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం కారుతుంటుంది. పారబోసే సీసాకి పోసే బదులు మనిషికే పోనిద్దాం అంది మార్గిట్."

మార్గిట్ స్తెన్ ఆ కేంద్రం అధిపతి. రెండు రోజులుగా ద్వీపాల మధ్య పడవలో ఉంది, ఫోను ఎత్తడం లేదు.

"ఎప్పుడంది?"

"దాతలు దొరకని వేసవిలో. ఈ వేసవికి మాత్రమే అంది."

"ఏ వేసవి?"

"నాలుగేళ్ల క్రితం." ఆమె గొంతు సర్దుకుంది. "పరీక్షకి వచ్చిన నమూనాలు ఎవరికీ ఎక్కించేవి కావు కదా. వాటిలోంచి పూర్తిగా తీస్తాం. మిగిల్చి ఎవరికి?"

అందులో దొంగతనం లేదు, కుట్ర లేదు. దయ ఉంది, పొదుపు ఉంది. ఇచ్చినవాళ్ల రక్తం ఒక చెంచాడు కూడా వృథా కాకూడదన్న పట్టుదల ఉంది. సంచిలో బాక్టీరియా మొదట్లో ఇంత ఉంటుంది, చిటికెడు. సగం తీస్తే ఆ చిటికెడు సీసాలోకి రాకపోవచ్చు. సీసా శుభ్రమంటుంది, సంచిలో అది ఒకటి రెండు రోజులు హాయిగా పెరుగుతుంది. విక్‌హోల్మ్ పరీక్ష మాత్రం ప్రతిసారీ లాబొరేటరీ తన మంచి బట్టలు వేసుకున్నరోజే వచ్చి చూసి పోతుంది. నాకు కోపం వచ్చింది, కానీ ఆ కుర్చీలో ఉన్న మనిషి మీద కాదు.

"అంటే నేనేనా?" అంది సోల్వెయ్. "ఆ అమ్మాయి... నావల్లేనా?"

లేచి మళ్లీ గదిలోకి వెళ్లాను.

విక్‌హోల్మ్ తూకం దగ్గర నించుని ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తూకం కింద చిన్న సొరుగుంది, సగం తెరిచి ఉంది. లాగి చూశాను. లోపల ఇంకో కొత్త సీసా, వాడనిది. దాని మూతమీద పెన్నుతో ఒక బరువు రాసి ఉంది. నేను ఇందాక తూచిన కొత్త సీసా బరువే అది. రాసిన సిరా ఆకుపచ్చ.

ఈ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నవాటిలో ఒకటుంది. లాబొరేటరీవాళ్లు నీలం, ఎరుపు వాడతారు. బయటినుంచి నాణ్యత చూడ్డానికి వచ్చేవాళ్లు ఆకుపచ్చే వాడాలి, ఎవరి గుర్తు ఎవరిదో కలిసిపోకుండా. విక్‌హోల్మ్ చొక్కా జేబులో ఆకుపచ్చ మూత పెన్ను ఉంది. పొద్దుట్నుంచీ ఉంది.

"మీరు మేలో ఇక్కడికి వచ్చారు," అన్నాను.

"తనిఖీకి. అది నా ఉద్యోగం."

"సీసాలు తూచారు."

అతని చెయ్యి జేబులోని పెన్ను మీదికి వెళ్లింది.

"తూచారు. నేను ఇందాక చూసిందే మీరూ చూశారు. ఆరు వారాల క్రితం. అయినా ఇవాళ పొద్దున నా ముందు కూర్చుని నూటికి నూరన్నారు. సోల్వెయ్ మీద కేసుకి సంతకం పెట్టడానికి పెన్ను తీశారు."

"అది ఒక అనుమానం మాత్రమే," అన్నాడు. గొంతులో పొద్దుటి నునుపు లేదు. "పద్ధతి ప్రకారం నిర్ధారించుకోవాలి. తొమ్మిది కేంద్రాల సమావేశం పెట్టాలి. జూన్‌లో ఎవరూ ఉండరు, జూలైలో అసలే ఉండరు. ఆగస్టు మూడోవారంలో పెట్టించాను. సెలవుల తర్వాత చెబుదామనుకున్నాను."

సెలవుల తర్వాత. ఈ దేశంలో జూన్ వచ్చిందంటే ఏ పని అడిగినా వినబడే మాట అదే. పైకప్పు బాగుచెయ్యడం సెలవుల తర్వాత, విడాకులు సెలవుల తర్వాత, మోకాలి ఆపరేషన్ సెలవుల తర్వాత. ఎవరూ దాన్ని తప్పనుకోరు. టిల్డా రూథ్‌కి ఆగస్టు లేదు, అంతే.

"ఈ ఒక్కచోటేనా?"

అతను పెన్నుమూత తీశాడు, పెట్టాడు. "నేను తూచినవి తొమ్మిదిలో ఏడు. అందులో ఆరింట్లో ఇంతే."

"ఆరింటికీ నూటికి నూరేనా?"

"ఆరింటికీ."

అప్పుడు నాకు వినబడింది, పక్కగదిలోంచి ఉయ్యాల ఊగుతున్నట్టు మెత్తటి చప్పుడు. ప్లేట్‌లెట్లు కదలకుండా ఉంటే గడ్డకడతాయి. అందుకని వాటి సంచుల్ని ఒక ఊగే అరలో పెడతారు. తలుపు తీసి చూశాను. లేత పసుపు సంచులు ఐదు, నిమ్మళంగా అటూ ఇటూ ఊగుతున్నాయి. ఐదింటికీ శుభ్రం అన్న ముద్ర ఉంది. ఆసుపత్రి వ్యాను కింద వచ్చి ఆగి ఉంది.

వాటిని వ్యాను ఎక్కించొద్దన్నాను. విక్‌హోల్మ్ నా ముందుకొచ్చి నించున్నాడు.

"ఆపితే ఏమవుతుందో తెలుసా? పండగ మూడు రోజులూ కొత్త దాతలు రారు. ఊరంతా తోటల్లో ఉంటుంది. ఈ ఐదూ లేకపోతే ఆసుపత్రిలో ఎవరికో మెదడులో రక్తం కారుతుంది. అది కూడా చావే. దానికి ఎవరిమీద కేసు పెడతారు?"

మొదటిసారి అతను చెప్పింది నిజం. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

"మళ్లీ తీద్దాం. ఎనిమిది చొప్పున. సాయంత్రం దాకా చూసి పంపుదాం. సాయంత్రంలోపు ప్రాణం మీదికొచ్చే వాళ్లుంటే వాళ్ల డాక్టరే నిర్ణయించుకుంటాడు, కాకపోతే నిజం తెలుసుకుని."

"ఎవరు తీస్తారు? ఉన్న ఒక్క టెక్నీషియన్ కింద అత్యవసర విభాగంలో ఉంది."

నేను గుమ్మం వైపు చూశాను.

"ఆమె నిందితురాలు," అన్నాడు.

"అయితే మీరు తీయండి."

తన చేతులకేసి చూసుకున్నాడు. సూది పట్టి ఇరవై ఏళ్లయిందని, వణికితే తనే సంచిని పాడుచేస్తానని, గొణిగాడు. ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేసి నా పూచీమీద అనుమతి తీసుకున్నాను. ఆయన అప్పటికే ఊరు దాటి కారులో ఉన్నాడు. వెనకసీట్లో పిల్లలు పోట్లాడుకుంటున్నారు.

సోల్వెయ్ చేతులు కడుక్కుంది. ఎంతసేపు కడిగిందంటే, చాలని నేనే అన్నాను. విక్‌హోల్మ్ పక్కనే నించుని ప్రతి చుక్కా చూశాడు. ఎనిమిది, ఎనిమిది. ఎనిమిది, ఎనిమిది. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పది సీసాలూ అరలో పెట్టి తలుపు మూసి, అప్పుడు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

రెండింటి పడవ అతన్ని వదిలేసి వెళ్లిపోయింది. ముగ్గురం కాఫీ గదిలో కూర్చున్నాం. ఎవరో పండక్కని పెట్టి వెళ్లిన స్ట్రాబెర్రీ కేకు బల్లమీద ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అతను ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి, మీరు తినెయ్యండి అని చెప్పాడు. సోల్వెయ్ టిల్డాకి పిల్లలున్నారా అని నన్నడిగింది. లేరని చెప్పాను. ఈత నేర్పిన పిల్లలు ఎంతమందో ఉన్నారని మాత్రం చెప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకి, బయట ఇంకా మిట్టమధ్యాహ్నంలాంటి ఎండ ఉండగా, అర కూత పెట్టింది.

ముగ్గురం ఒకేసారి లేచాం. రెండో వరసలో ఒక దీపం వెలిగింది. సోల్వెయ్ సీసా తీసి తలకిందులు చేసి నాకు చూపించింది. బిళ్ల గుడ్డులోని పచ్చసొనలా పసుపుగా ఉంది. పొద్దున శుభ్రమని ముద్రవేసిన సంచే అది. సగం సీసాకి దొరకనిది నిండు సీసాకి దొరికింది.

"పోనీలే," అన్నాను, "సంచి మన దగ్గరే ఉంది."

సోల్వెయ్ కంప్యూటర్ ముందుకి వెళ్లి సంచి నంబరు కొట్టింది. తెరమీద వచ్చింది రెండుసార్లు చదివింది.

"ఈ దాత ఒక్కసారికి రెండు సంచులకి సరిపడా ఇస్తాడు," అంది. "రెండోది ఈ పొద్దున మొదటి వ్యానులో వెళ్లిపోయింది. స్ట్రాండ్‌బో ఆసుపత్రికి."

ఆసుపత్రి నంబరు నేనే కలిపాను. వార్డు నర్సు ఎత్తింది. పోలీసునని చెప్పి, సంచి నంబరు చదివి, ఎక్కించొద్దన్నాను. పావుగంట క్రితమే తగిలించానంది. వెంటనే తీసెయ్యమన్నాను.

"మా తెరమీద ఇది శుభ్రమనే ఉంది," అంది నర్సు. గొంతులో కంగారు లేదు. "ఆయనకి పొద్దుట్నుంచీ ముక్కులోంచి రక్తం ఆగడం లేదు. ఒక పోలీసు ఫోను చేసిందని నేను మందు ఆపలేను. డాక్టరెవరైనా చెప్పాలి. పేరు చెప్పాలి, కారణం చెప్పాలి."

సోల్వెయ్ సస్పెండై ఉంది. మార్గిట్ పడవలో ఉంది. నేను రిసీవర్ పట్టుకుని విక్‌హోల్మ్ వైపు చూశాను. అతను నా చేతిలోని ఫోన్‌ని చూశాడు. కారణం చెప్పడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఆ వార్డు ఫోన్లో మాటలన్నీ రికార్డవుతాయి.

చెయ్యి చాచి తీసుకున్నాడు.

"నా పేరు బిర్గెర్ విక్‌హోల్మ్. నేను డాక్టర్ని. ఈ కేంద్రాల పరీక్షలకి మార్కులు వేసేది నేనే," అన్నాడు. "మీ తెరమీద ఉన్నది నమ్మకండి. పరీక్షకి తీసిన నమూనా నియమంలో సగమే. అది నాకు మే నెల నుంచీ తెలుసు. ఆపండి."

అవతల బూట్ల చప్పుడు దూరమైంది. ఏదో బిగించిన చప్పుడు. బూట్ల చప్పుడు మళ్లీ దగ్గరికి వచ్చింది, ఈసారి పరుగులా.

"ఆపేశాను," అంది నర్సు. "కానీ డాక్టర్, ఆయనకి చలి మొదలైంది."